యోగా స్టూడియోకి మొదటిసారి వెళ్దామనుకుంటున్నా, లోపల ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు చెప్పండి

బిగిసిన_నడుము:
అందరికీ నమస్తే. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం నాది. వయసు నలభైకి దగ్గర పడింది. నడుము పట్టేయడం మొదలయ్యాక, ఫోన్ ఎదురుగా పెట్టుకుని వీడియోలు చూస్తూ ఇంట్లోనే ఆసనాలు వేస్తున్నాను. ముందుకు వంగితే వేళ్లు మోకాళ్లు దాటి కాస్త కిందకు వెళ్తాయి, అక్కడితో సరి. ఇంట్లోవాళ్లేమో స్టూడియోలో చేరమని ఒకటే పోరు.

నా భయాలు ఇవీ. అందరి ముందూ నవ్వులపాలవుతానా? టీచర్ వచ్చి బలవంతంగా వంచేస్తారా? ఆడవాళ్ల మధ్య నేనొక్కడినే మగవాడినైతే ఇబ్బందా? అసలు వీడియోలో లేనిది అక్కడ ఏముంటుంది? వెళ్తున్నవాళ్లు చెప్పండి. "మనసు ప్రశాంతంగా ఉంటుంది" లాంటివి వద్దు, అది వాళ్ల బోర్డు మీదే రాసి ఉంది.

చివరి_వరుస:
నవ్వులపాలు సంగతి వదిలేయండి, ఎవరూ చూడరు. అధోముఖ శ్వానాసనంలో, అంటే చేతులూ కాళ్లూ నేలకి ఆనించి పిరుదులు పైకెత్తి, తల కిందికి వదిలేసి ఊపిరి లెక్కపెట్టుకుంటున్నవాడికి పక్కవాడి వేళ్లు ఎందాకా వెళ్లాయో చూసే తీరిక ఎక్కడిది? చూసేది ఒక్క టీచరే. డబ్బు కట్టేది అందుకే కదా.

మొదటి రోజు చెప్పులు బయట, ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచిలో. ఒక ఫారం ఇస్తారు: పాత దెబ్బలు, ఆపరేషన్లు, బీపీ, వాడే మందులు. తొందరలో "ఏమీ లేవు" అని నింపేయకండి. గంట క్లాసైతే మొదట కాసేపు కూర్చుని ఊపిరి మీద ధ్యాస, ఆ తర్వాత మెడా భుజాలూ నడుమూ కదిలించడం, ఆపైన నిలబడి వేసేవి, తర్వాత నేల మీద కూర్చునీ పడుకునీ వేసేవి, చివర్లో శవాసనం. సగం మాటలు మీకు అర్థం కావు. "కుడి పాదం బయటికి తిప్పి, ఎడమ మడమ నేలకు నొక్కి, పక్కటెముకలు లోపలికి" అంటూ ఉంటే ఏది కుడో ఏది ఎడమో మరిచిపోతారు. మొదట్లో అందరిదీ అదే పరిస్థితి.

ఒక కిటుకు చెప్తా. కొత్తవాళ్లంతా సిగ్గుపడి వెనక మూలకి పోయి మ్యాట్ వేస్తారు. నా పేరు ఇలా ఉన్నా నేను చెప్పేది మాత్రం రెండో వరుస మధ్యలో వేయమని. త్రికోణాసనంలోనో వీరభద్రాసనంలోనో ఎటు తిరిగినా చూసి చేయడానికి ఎదురుగా ఒక మనిషి ఉండాలి. మూలలో ఉంటే ఒకవైపు తిరిగినప్పుడు గోడ తప్ప ఏమీ కనబడదు.

ప్రశ్నార్థకం:
నాకు మాత్రం ఇది డబ్బు దండగ వ్యవహారంలానే కనిపిస్తోంది. ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది, అర్థం కాకపోతే ఆపి మళ్లీ చూసుకోవచ్చు, ఇంట్లో మన బట్టలు మన ఇష్టం. రానూపోనూ ప్రయాణం కలుపుకుంటే గంట క్లాసుకి రెండు గంటలు పోతాయి. క్రమశిక్షణ ఉన్నవాడికి స్టూడియోతో పనేముంది?

బోల్‌స్టర్_మాస్టారు:
నేను క్లాసులు చెప్తాను కాబట్టి నా మాట కాస్త తగ్గించుకుని వినండి. అయినా ప్రశ్నార్థకం గారికి జవాబు చెప్పాలి.

వీడియో మీకు చూపిస్తుంది, మిమ్మల్ని చూడదు. తేడా అంతా అక్కడే ఉంది.

మొదటి పోస్టు పెట్టినాయన సంగతే తీసుకుందాం. తొడ వెనక కండరాలు బిగుసుకుని ఉన్నాయి. అధోముఖ శ్వానాసనంలో వీడియో "కాళ్లు నిటారుగా, మడమలు నేలకి" అంటుంది. ఈయన మోకాళ్లు బిగించి మడమలు కిందికి నొక్కుతారు. తొడ వెనక కండరం సాగదు కాబట్టి కటి వెనక్కి వాలిపోతుంది, నడుము గూనిలా వంగుతుంది, బరువంతా మణికట్ల మీదికి వస్తుంది. ఆయనకి మాత్రం మడమలు కాస్త దిగాయన్న తృప్తి. క్లాసులో అయితే నేను చెప్పేది ఒక్కటే: "మోకాళ్లు వంచండి, మడమలు లేపేయండి, పిరుదులు పైకీ వెనక్కీ నెట్టండి." నడుము అప్పటికప్పుడు సాఫీ అవుతుంది, మణికట్ల మీద భారం తగ్గుతుంది. అదే ఆసనం ఈయనకి ఒకలా, పక్కన మెత్తగా వంగే అమ్మాయికి ఇంకోలా చెప్పాలి. ఆ అమ్మాయికి నేను "మోకాలు వెనక్కి విరిచేయకు, పిసరు వంచి పెట్టు" అంటాను.

చతురంగ దండాసనం ఇంకో ఉదాహరణ, అంటే దండెం తీస్తున్నట్టు మోచేతులు వంచి ఒళ్లంతా నేలకి దగ్గరగా నిలపడం. పది మంది కొత్తవాళ్లలో దాదాపు అందరూ మోచేతులు బయటికి పారేసి, భుజాలు మోచేతి మట్టం కంటే కిందికి దింపేస్తారు. వాళ్లకి ఆ సంగతి తెలియదు, ఎందుకంటే ఆ క్షణంలో కళ్లు నేల వైపు ఉంటాయి. కొన్నాళ్లకి భుజం ముందువైపు నొప్పి మొదలవుతుంది. మోకాళ్లు నేలకి ఆనించి చేయమంటే చిన్నతనం అనుకుంటారు గానీ, వరస కుదరాలంటే మొదట అదే దారి.

ప్రశ్నార్థకం:
బాగుంది మాస్టారూ. మరి ముప్ఫై మంది ఉన్న బ్యాచ్‌లో ఇవన్నీ ఎవరు చూస్తున్నారు? మా ఇంట్లో వాళ్లు వెళ్లిన చోట టీచర్ వేదిక మీద తన ఆసనాలు తను వేసుకుంటూ మైకులో చెప్పుకుపోయింది. అది ఫోన్ కంటే పెద్ద వీడియో, అంతే.

బోల్‌స్టర్_మాస్టారు:
ఆ మాట కాదనను. చేరే ముందు చూసుకోవలసింది కూడా అదే. క్లాసు నడుస్తున్నంతసేపూ టీచర్ తన మ్యాట్ మీదే ఉన్నారా, లేక మనుషుల మధ్య తిరుగుతున్నారా? ఒక్కసారి వేసి చూపించి, తర్వాత నడుస్తూ చూస్తూ పేరు పెట్టి చెప్పేవాళ్లయితే అక్కడ చేరండి. నా అనుభవంలో పన్నెండు పదిహేను మంది దాటితే ఒక్కరి వల్ల కాదు, సహాయకులు ఉండాలి. 200 గంటల టీచర్ శిక్షణ సర్టిఫికెట్ గోడకి వేలాడుతూ ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోకండి. నెల రోజుల్లో పూర్తిచేయించే కోర్సులు కూడా ఉన్నాయి. అది ఆరంభం మాత్రమే.

సాయంత్రం_బ్యాచ్:
టీచర్ తిరగడం మంచిదేగానీ, తిరిగి ఏం చేస్తారన్నది కూడా చూసుకోవాలి. నేను ఇదివరకు వెళ్లిన చోట పశ్చిమోత్తానాసనంలో, అంటే కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగి ఉండగా టీచర్ వెనక నుంచి వచ్చి, ఒక్క మాట అడగకుండా వీపు మీద రెండు చేతులూ వేసి బరువు పెట్టింది. తొడ పైభాగంలో, కూర్చున్నప్పుడు నేలకి తగిలే ఎముక దగ్గర, ఏదో పట్టు జారినట్టు అయింది. ఆ తర్వాత చాలా నెలలు కారు సీటులో కూర్చోవాలన్నా, వంగి చెప్పులు తొడుక్కోవాలన్నా నరకం. స్టూడియోలో అడిగితే "శరీరం తెరుచుకుంటోంది, మంచిదే" అన్నారు. అక్కడ మానేశాను.

ఇప్పుడు వెళ్లే చోట మ్యాట్ మూలన పెట్టుకోవడానికి చిన్న బిళ్ల ఇస్తారు. ఒకవైపు ఉంటే ముట్టుకుని సరిచేయవచ్చని, తిప్పి పెడితే మాటతోనే చెప్పమని. ఎవరూ ఎందుకని అడగరు. నేను తిప్పే పెడతాను. బిగిసిన నడుము గారూ, మీ దగ్గర బిళ్లలు లేకపోతే క్లాసుకి ముందు టీచర్ దగ్గరికి వెళ్లి "నన్ను ముట్టుకోకుండా మాటతో చెప్పండి" అనేయండి. మంచి టీచరైతే మొహం మాడ్చుకోరు.

ఫిజియో_గది:
సాయంత్రం బ్యాచ్ గారూ, మీరు చెప్పింది మా దగ్గరికి తరచుగా వచ్చే కేసే. తొడ వెనక కండరం ఎముకకి అతుక్కునే చోట స్నాయువు దెబ్బతినడం. దాన్ని ఇంకా సాగదీస్తే తగ్గదు, పెరుగుతుంది. ముందుకు వంగేవి కొంతకాలం తగ్గించి, సేతుబంధాసనం (వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తేది) లాంటి వాటితో ఆ కండరానికి మెల్లగా బలం పెంచాలి.

అందరికీ పనికొచ్చే గుర్తు ఒకటి చెప్తాను. కండరం మధ్యలో లాగుతున్నట్టు ఉంటే భరించవచ్చు. కీలు దగ్గర, ఎముక దగ్గర పొడిచినట్టు ఉన్నా, కాలిలోకో చేతిలోకో జివ్వుమన్నా, తిమ్మిరి వచ్చినా అక్కడే ఆగిపోవాలి. బిగుసుకుపోయినవాళ్లు భయపడుతుంటారు గానీ నాకు దిగులు వాళ్ల గురించి కాదు. వాళ్ల శరీరం ముందే బ్రేకు వేస్తుంది. అతిగా వంగేవాళ్లకి ఆ బ్రేకు లేదు, కీలు చివరిదాకా వెళ్లి దాని మీదే బరువు వేసేస్తారు, పైగా అందరూ మెచ్చుకుంటారు.

ఫారంలో తప్పకుండా రాయవలసినవి: అదుపులో లేని బీపీ, గ్లకోమా (కంటి నీటికాసులు), రెటీనా సమస్య, ఎముకల గుల్లతనం, డిస్క్ జారడం, గర్భం. గ్లకోమా గురించి మరీ చెప్తాను, ఎందుకంటే ఎవరికీ తట్టదు. శీర్షాసనంలో కంటి లోపలి ఒత్తిడి దాదాపు రెట్టింపు అవుతుందని కొలిచి చూశారు. అధోముఖ శ్వానాసనంలో కూడా పెరుగుతుంది. ఎముకలు గుల్లబారినవాళ్లు వీపు గుండ్రంగా చేసి బలవంతంగా ముందుకు వంగితే వెన్నుపూస నలిగిపోయే ప్రమాదం ఉంది. గర్భిణులకి కపాలభాతి, అంటే పొట్ట లోపలికి కొడుతూ ఊపిరి గబగబా వదలడం, వద్దు.

నిదానం:
నేను అరవై దాటిన మనిషిని. మా బ్యాచ్‌లో సగం మంది కుర్చీ పట్టుకునే చేస్తాం. మొదట చేరినప్పుడు శవాసనం నుంచి లేవాలంటే గోడ దాకా పాకి, గోడ పట్టుకుని లేచేదాన్ని. మా టీచరమ్మ శీర్షాసనం మాటే ఎత్తలేదు. రోజూ చివర్లో పక్కకి తిరగడం, మోచేయి ఆనించడం, ఒక మోకాలు ముందుకు తేవడం, లేవడం, ఇదే చేయించింది. ఇప్పుడు చేయి ఆనకుండా లేస్తున్నాను. దీనికి ఫోటో రాదు, ఎవరూ లైకు కొట్టరు. మనవడు కింద కూర్చుని ఆడుకుంటూ పిలిస్తే నేను వెళ్లి కూర్చోగలుగుతున్నాను, నాకది చాలు.

బాబూ, నువ్వు వేళ్లు పాదాలకి తాకాయా లేదా అని లెక్కపెట్టుకోకు. కింద ఒక బ్లాకు, అదే ఇటుకలాంటి దిమ్మ, పెట్టుకుంటే నేలే నీ దగ్గరికి వస్తుంది.

లూజు_షార్ట్స్:
మగవాళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా అన్నా. మా బ్యాచ్‌లో మేం ఇద్దరమే మగవాళ్లం. మొదటి వారం ఇబ్బంది, తర్వాత ఎవరికీ గుర్తు కూడా ఉండదు. అసలు ఇబ్బంది బట్టలతో. వదులు షార్ట్స్ వేసుకెళ్లి కాళ్లు పైకెత్తితే అవి కిందికి జారతాయి, చెప్పాల్సింది ఇంకేం లేదు. లోపల బిగువుగా ఇంకోటి వేసుకోండి. టీషర్టు లోపలికి దోపుకోండి, లేకపోతే తల కిందికి పెట్టగానే మొహం మీద పడుతుంది, టీచర్ ఏం చూపిస్తోందో కనబడదు.

గ్యాస్ సంగతి కూడా అడగడానికి సిగ్గుపడుతుంటారు. అందరికీ అవుతుంది. ఎవరూ తలెత్తి చూడరు, టీచర్ మాట ఆపదు. తిన్న తర్వాత రెండు మూడు గంటలు ఆగి వెళ్తే సగం తగ్గుతుంది.

బిగిసిన_నడుము:
ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. నిదానం గారూ, బ్లాకు మాట గుర్తుపెట్టుకుంటానమ్మా. ఇంకో రెండు సందేహాలు. వాళ్ల టైంటేబుల్ ఫోటో తీసుకున్నా. హఠ, విన్యాస, అష్టాంగ, అయ్యంగార్, హాట్, యిన్, రెస్టోరేటివ్ అని ఉన్నాయి. నాలాంటివాడు ఏదానికి వెళ్లాలి? రెండు, మ్యాట్ కొనాలా?

పాత_విద్యార్థి:
పేర్లు చూసి బెదిరిపోకండి, సగానికి సగం ఒకే చెట్టు కొమ్మలు. తిరుమలై కృష్ణమాచార్య (1888–1989) మైసూరు ప్యాలెస్‌లో 1930లలో యోగశాల నడిపారు. బి.కె.ఎస్. అయ్యంగార్ (1918–2014), అష్టాంగ నేర్పిన పట్టాభి జోయిస్ (1915–2009) ఇద్దరూ ఆయన శిష్యులే. ఇంద్రా దేవి కూడా ఆయన దగ్గరే నేర్చుకుని 1940ల చివర్లో హాలీవుడ్‌లో స్టూడియో తెరిచారు. గురువు ఒక్కరే అయినా శిష్యుల పద్ధతులకి పోలిక ఉండదు.

అయ్యంగార్ క్లాసులో కదలిక తక్కువ, నిలబడటం ఎక్కువ. బెల్టులు, బ్లాకులు, కుర్చీలు, దుప్పట్లు, గోడకి తాళ్లు. ఒక్క త్రికోణాసనం మీదే చాలాసేపు గడిచిపోతుంది: మోకాలి చిప్ప పైకి లాగు, బొటనవేలి మొదలు నేలకి నొక్కు అంటూ. కొందరికి విసుగు. మీ నడుముకి మాత్రం మొదట ఇదే మేలు. అష్టాంగలో ఆసనాల వరస ఎప్పుడూ ఒక్కటే, మారదు. మైసూర్ స్టైల్ అని రాసి ఉంటే గది అంతా నిశ్శబ్దంగా ఎవరి వరస వాళ్లు చేసుకుంటుంటారు, టీచర్ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి తర్వాతి ఆసనం ఇస్తారు. బయటి నుంచి చూస్తే కష్టంగా కనబడుతుంది గానీ, పోల్చుకోవడానికి పక్కన మీలా చేసేవాడే ఉండడు కాబట్టి కొత్తవాడికి అదీ మంచిదే. విన్యాసలో ఊపిరితో పాటు ఆగకుండా కదలాలి, వేగం ఎక్కువ. మొదటి రోజే దానికి వెళ్తే చతురంగ దగ్గర దొరికిపోతారు. యిన్‌లో ఒక్కో భంగిమలో మూడు నుంచి ఐదు నిమిషాలు అలా ఉండిపోవడం. రెస్టోరేటివ్ అంటే దిండ్ల మీద పడుకోవడం అనుకోండి, అలిసిపోయి వచ్చిన రోజు బంగారం. ఉట్టి "హఠ" అని రాసి ఉంటే మాత్రం అది ఎలా ఉంటుందో టీచర్‌ని అడగాల్సిందే, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.

చెమటచుక్క:
హాట్ క్లాసు గురించి నేను చెప్తా, నాకు అది ప్రాణం. గది దాదాపు 40 డిగ్రీల వేడి, తేమ కూడా పెడతారు. అసలు పద్ధతిలో రెండు శ్వాస అభ్యాసాలతో కలిపి మొత్తం 26, గంటన్నర. బయటికొచ్చాక ఒళ్లంతా తేలిపోయినట్టు ఉంటుంది. రెండు తువ్వాళ్లు తీసుకెళ్లండి, ఒకటి మ్యాట్ మీదికి, ఒకటి మొహానికి. చెమటతో విషాలన్నీ బయటికి పోతాయి కాబట్టి...

ఫిజియో_గది:
అక్కడ ఆగండి. చెమట పని ఒంటిని చల్లబరచడం. వ్యర్థాల పని చూసుకోవడానికి కాలేయం, మూత్రపిండాలు ఉన్నాయి. ఇష్టమైతే చేయండి, కాదనను. కాకపోతే వేడిలో కండరం మామూలు కంటే ఎక్కువ సాగుతుంది, నొప్పి తక్కువ తెలుస్తుంది, అక్కడే అతి చేస్తారు. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వెళ్లకూడదు. తల తిరిగితే కూర్చోండి, అవసరమైతే బయటికి వెళ్లండి. "గది వదిలి వెళ్లకూడదు" అని నియమం పెట్టే చోట నేనైతే చేరను.

చెమటచుక్క:
సరే, విషాల మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇష్టం మాత్రం వెనక్కి తీసుకోను 😄

చివరి_వరుస:
మ్యాట్ విషయం. మొదటి రోజులకి స్టూడియోదే చాలు, మీద పరుచుకోవడానికి ఒక తువ్వాలు తెచ్చుకోండి. కొనేటప్పుడు మెత్తగా ఉందని మందపాటిది కొనకండి. నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్లు చాలు. మరీ మందంగా ఉంటే వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడినప్పుడు పాదం కింద ఊగుతుంది. మోకాళ్లు నొప్పయితే ఆ చోట మాత్రం దుప్పటి మడత పెట్టుకోవచ్చు. కొత్త పీవీసీ మ్యాట్లు మొదట్లో జారతాయి. సహజ రబ్బరువి బాగా పట్టుకుంటాయి గానీ లేటెక్స్ పడనివాళ్లు వాటి జోలికి పోకూడదు.

ప్రశ్నార్థకం:
ఒక సందేహం, వాదన కోసం కాదు. క్లాసు మొదట్లో ఓంకారం, శ్లోకాలు చెప్పిస్తారట. అవి రానివాళ్లూ ఇష్టం లేనివాళ్లూ ఏం చేయాలి? ఇంకోటి, "ఐదు వేల ఏళ్ల నాటి ఆసనాలు" అని ప్రతి స్టూడియో రాసుకుంటుంది. అది నిజమేనా?

పాత_విద్యార్థి:
మొదటిదానికి: నోరు మూసుకుని కళ్లు మూసుకుని కూర్చుంటే చాలు, ఎవరూ అడగరు. కొన్ని చోట్ల అసలు ఉండవు కూడా.

రెండోదానికి: పతంజలి యోగసూత్రాల్లో ఒక్క ఆసనం పేరు కూడా లేదు. రెండో పాదంలో 46వ సూత్రం "స్థిరసుఖమాసనం" అంటుంది, అంటే ఆసనం నిలకడగా, సుఖంగా ఉండాలని. ఆ తర్వాత ఒకటి రెండు సూత్రాల్లో ఆ సంగతి ముగిసిపోతుంది. పదిహేనో శతాబ్దం నాటి హఠయోగ ప్రదీపిక 15 ఆసనాలు వర్ణిస్తుంది, వాటిలో ఎక్కువ కూర్చునేవే. సూర్యనమస్కారాలని వ్యాయామంగా ఊరూరా పాకించినవాడు మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానం రాజా భవన్‌రావు, అది 1920ల మాట. ఇవాళ స్టూడియోలో మనం చేసే నిలబడి కదిలే క్లాసు ఈ రూపంలో నూరేళ్లదే. అందుకని దాని విలువేమీ తగ్గదు, బోర్డు మీద అంకె మాత్రం తగ్గించాలి.

మోడరేటర్:
ఏది ఎంత ప్రాచీనం అన్న చర్చకి వేరే థ్రెడ్ ఉంది, కొనసాగించాలంటే అక్కడ. ఇక్కడ క్లాసుల సంగతే మాట్లాడుకుందాం.

బిగిసిన_నడుము:
నిన్న ట్రయల్ క్లాసుకి వెళ్లొచ్చా. అయ్యంగార్ బ్యాచ్, మొత్తం తొమ్మిది మందిమి. రెండో వరుస మధ్యలోనే వేశాను.

నన్ను ఆశ్చర్యపరిచింది త్రికోణాసనం. ఇంట్లో నేను చేయి పాదం దాకా దించడానికి మొండెం మొత్తం ముందుకు వాల్చేసేవాణ్ణి. టీచర్ వచ్చి నా చేతి కింద బ్లాకు నిలువుగా పెట్టి, "ఇప్పుడు పై భుజాన్ని వెనక గోడకి తగిలించండి" అన్నారు. గోడకి ఆనగానే కుడి పక్కటెముకల కింద, నడుము పక్కన, ఎప్పుడూ తెలియని చోట లాగడం తెలిసింది. కింది మోకాలు లోపలికి వాలిపోతోందని చూపించి, తొడని బయటికి తిప్పమన్నారు. ఎడమవైపు చేసేసరికి తొడ గజగజ వణికింది. బయట నుంచి చూసేవాడికి నేను ఊరికే నిలబడి ఉన్నట్టు కనిపిస్తాను, లోపల మాత్రం చెమటలు.

ముట్టుకునే ముందు అడిగారు. ఎవరూ నన్ను చూడలేదు, నేనే అందరినీ చూశాను. ఒకావిడ శవాసనంలో హాయిగా గుర్రు పెట్టింది, టీచర్ నవ్వి ఊరుకున్నారు. నచ్చనిది ఒకటి: నా భుజం గురించి అందరికీ వినబడేలా "ఇదిగో, ఇలా చేయకూడదు" అని నన్ను నిలబెట్టి చూపించారు. ఒళ్లు మండింది.

సాయంత్రం_బ్యాచ్:
నాకైతే ఆ మాట నచ్చదు. ఒకరిని చూపించాలంటే ముందు అడగాలి. మీరు చెప్పండి, వింటారు.

బోల్‌స్టర్_మాస్టారు:
అయ్యంగార్ క్లాసుల్లో అలా ఒకరిని చూపించి అందరికీ చెప్పడం పాత అలవాటు. నేనూ అలాగే నేర్చుకున్నా. తప్పు ఒకరిదే అయినా గదిలో ఐదుగురు అదే చేస్తుంటారు, అప్పుడు అందరికీ ఒకేసారి కుదురుతుంది. కానీ మొదటి రోజు వచ్చినవాళ్లతో చేయకూడదు. ఒంటరిగా కలిసి చెప్పండి, చాలామంది అర్థం చేసుకుంటారు.

నిదానం:
నన్ను అయితే వంద సార్లు నిలబెట్టింది మా టీచరమ్మ. వయసైపోయింది కదా, సిగ్గు లేదు నాకు.

బిగిసిన_నడుము:
ఫోన్ చేసి చెప్పాను. "అయ్యో, మీరు కొత్త అన్న సంగతే మరిచిపోయా" అన్నారు. చేరదామనే అనుకుంటున్నా. ఏడాదికి ఒకేసారి కడితే బాగా తగ్గిస్తామంటున్నారు. ఇంకో విషయం, పొద్దున ఆరింటి బ్యాచ్, రాత్రి ఏడింటి బ్యాచ్ రెండూ ఉన్నాయి. పొద్దున్నే అయితే మంచిదంటారు కదా?

లూజు_షార్ట్స్:
ఏడాదికి కట్టకన్నా. కొత్త సంవత్సరం మొదటి వారంలో గదిలో కాలు పెట్టే చోటు ఉండదు, రెండు నెలలు తిరక్కుండా మళ్లీ మేం పాతవాళ్లమే మిగులుతాం. స్టూడియోల లెక్క కూడా ఆ మానేసేవాళ్ల మీదే నడుస్తుంది. నెలకి కట్టు. మూడు నెలలు నిలబడితే అప్పుడు చూసుకో. టీచర్ మారిపోతే డబ్బు వెనక్కి ఇస్తారా అని కూడా ముందే అడుగు.

ఫిజియో_గది:
మీ నడుముకి నేనైతే రాత్రి బ్యాచే చెప్తాను. రాత్రంతా పడుకుని ఉన్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున లేవగానే అందరం కాస్త పొడవుగా ఉంటాం, నడుము బిగుసుకుని ఉంటుంది, ముందుకు వంగితే డిస్కు మీద పడే ఒత్తిడి కూడా అప్పుడే ఎక్కువ. లేచిన మొదటి గంటలో లోతుగా వంగేవి మానుకున్నవాళ్లలో నడుము నొప్పి తగ్గినట్టు పరిశోధనలు ఉన్నాయి. పొద్దునే కుదురుతుందంటే క్లాసుకి గంట ముందే లేచి ఇంట్లో అటూ ఇటూ నడవండి. క్లాసులో కూడా మొదట నిలబడేవి చేసి, ముందుకు వంగేవి చివరికి పెట్టుకుంటానని టీచర్‌కి చెప్పండి.

ప్రశ్నార్థకం:
రాత్రి బ్యాచ్ అయితే ఆఫీసు నుంచి ఆలస్యమైందని వారంలో సగం రోజులు ఎగ్గొడతారు. నేను ముందే చెప్తున్నా.

బిగిసిన_నడుము:
ఎగ్గొడితే మీకే మొదట చెప్తాను లెండి 😄 రాత్రి బ్యాచ్‌కే పేరు ఇచ్చాను, నెలకే కట్టాను. ఫారంలో నడుము సంగతి, చిన్నప్పుడు విరిగిన మణికట్టు సంగతి రెండూ రాశాను. మణికట్టు అనేసరికి టీచర్ ఒక ఏటవాలు చెక్క చూపించారు. చేతి మడమ (మణికట్టు దగ్గరి అరచేతి భాగం) కింద అది పెట్టుకుంటే మణికట్టు అంతగా వెనక్కి మడవక్కర్లేదట. ఎవరైనా వాడారా? ఇంట్లోకి కొనుక్కోవచ్చా?

చివరి_వరుస:
వాడుతున్నా. మ్యాట్ అంచుని రెండు మూడు మడతలు వేసి చేతి మడమ కింద పెట్టుకున్నా అదే పని చేస్తుంది. ముందు దాంతో చూడండి, చెక్క తర్వాత కొనవచ్చు. మందపు వైపు చేతి మడమ కిందికి, పల్చటి వైపు వేళ్ల వైపుకి రావాలి. చాలామంది తిరగేసి పెడతారు.